ఎర్ర కారులో డ్రైవరు సీటు

సాయంత్రమైతే చాలు, ఎదురుగా కళ్లజోళ్ల దుకాణం షట్టర్ పడేది. అక్కడ పనిచేసే అమ్మాయి, వెంట ఒక పొడుగాటి మనిషి, ఇద్దరూ ఎర్ర కారెక్కి వెళ్లిపోయేవాళ్లు. పాత కార్ల దుకాణంలో ధర కట్టేవాడు అద్దం వెనక నిలబడి అదంతా చూసేవాడు. ఆ పొడుగాటి మనిషికి నిచ్చెన అని పేరు కూడా పెట్టుకున్నాడు.

"ఏం బావా, మళ్లీ కడుపు మండుతోందా?" అన్నాడు కార్లు కడిగేవాడు.

"కారు లేకపోతే వాడి మొహం ఎవరు చూస్తారు?"

"నువ్వూ వెళ్లి అడగొచ్చుగా."

"అడిగి దేంట్లో ఎక్కించుకోను? నీ బకెట్లోనా?"

కారు కొన్నాకే పెళ్లి మాట ఎత్తాలని నోరు కట్టుకుని కూడబెడుతున్నాడతను.

ఒక మధ్యాహ్నం నిచ్చెన తనంతట తానే లోపలికొచ్చాడు. "ఎర్ర కారు అమ్మాలండీ. ఎంతొస్తుంది?"

ధర కట్టేవాడి గుండె గంతేసింది. కారు పోతే వీడికి రెక్కలు విరిగినట్టే. రోడ్డు దాటి బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను నిక్షేపంలా ఉంది.

"బాగా అరిగిపోయిందండీ," అని రావలసినదాంట్లో సగం చెప్పాడు.

నిచ్చెన మొహం వాడిపోయింది. కళ్లజోళ్ల దుకాణంలోకి వెళ్లి, తిరిగొచ్చి తాళాలు చేతిలో పెట్టాడు. "సరేనంది. మీరే తీసుకెళ్లండి, నాకు నడపడం రాదు."

సీట్లో కూర్చోగానే ధర కట్టేవాడి మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. పొట్టి మనిషి కోసం సీటు బాగా ముందుకు జరిపి ఉంది. ఇన్నాళ్లూ ఎవరు ఏ తలుపు తీశారో అతను చూడనే లేదు. కారునే చూశాడు.

ఆ అమ్మాయి బయటికొచ్చి కిటికీ దగ్గర వంగింది. "నా బండి జాగ్రత్తండీ. ఈయన చెక్కపని చేస్తారు. సొంత షెడ్డు పడితే పెళ్లి చేసుకుందామని అమ్ముతున్నా."

"ధర..." అని మొదలుపెట్టి స్టీరింగు మీద దుమ్ము తుడిచాడు. నిజం చెబితే అబద్ధం ఎందుకాడాడో కూడా చెప్పాలి.

"ఇంకాస్త వస్తుందనుకున్నా. పోనీలెండి. ఎదురుగా ఉన్నవాళ్లు, మీరెందుకు మోసం చేస్తారన్నయ్యా?"

అతను కూడబెట్టింది ఆ సగం ధరకు సరిపోయింది. యజమానిని అడిగి కారు తనే కొనుక్కున్నాడు.

మర్నాడు సాయంత్రం అందులో కూర్చునే చూశాడు. ఆమె ఏదో అంటే నిచ్చెన పగలబడి నవ్వాడు. ఇదివరకైతే రివ్వున మాయమైపోయేవాళ్లు. ఇప్పుడు నడక కదా, వీధి చివరిదాకా చూడాల్సొచ్చింది.