పెద్ద సిస్టర్ నేర్పిన పని

ఎముకల వార్డులో ఆమెను అందరూ పెద్ద సిస్టర్ అనేవారు. కొత్తగా చేరిన నర్సులను ఏళ్ల తరబడి ఆమె చేతికే అప్పగించేవారు. ఆమె దగ్గర పని నేర్చుకుంటే ఎక్కడైనా నెగ్గుకొస్తారని పేరు.

ఈసారి వచ్చిన అమ్మాయి నెమ్మదస్తురాలు. రోగిని ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేది. తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన చెప్పే కబుర్లకు ఊ కొడుతూనే దుప్పటి సర్దేది. బాత్రూమ్‌కు వెళ్తారా తాతగారూ అని తానే అడిగేది.

పెద్ద సిస్టర్‌కు అది నచ్చలేదు. మందుల ట్రాలీ దగ్గర అందరి ముందూ నిలబెట్టి, ఇక్కడ నువ్వు మనవరాలివి కాదు, నర్సువి అంది. పిలిచినప్పుడల్లా పరిగెత్తితే నెత్తికెక్కుతారని, బెల్లు రెండోసారి మోగితేగానీ కదలొద్దని చెప్పింది. పక్కనున్న నర్సులు నవ్వారు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. చెడగొట్టాలని చెప్పిన మాట కాదది. తాను నేర్చుకున్నదీ అలాగే. అలా నేర్చుకోబట్టే ఇన్నాళ్లూ ఈ పనిలో నిలబడ్డానని ఆమె నమ్మకం.

అమ్మాయి తొందరగానే దారిలో పడింది. కబుర్లు మానేసింది. పిల్ల గట్టిపడిందని పెద్ద సిస్టర్ వార్డు ఇన్‌ఛార్జి దగ్గర మెచ్చుకుంది కూడా.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ కట్లు కట్టే సామాను సర్దుతుంటే పెద్దాయన బెల్లు నొక్కాడు. అమ్మాయి తలెత్తి చూసింది. పెద్ద సిస్టర్ కళ్లతోనే ఆగమంది. బెల్లు మళ్లీ మోగలేదు. మనిషి పడ్డ చప్పుడు వినిపించింది. ఒక్కడే బాత్రూమ్‌కు బయల్దేరిన పెద్దాయన మంచానికి, గోడకు మధ్య పడి ఉన్నాడు. ఆపరేషన్ చేసిన తుంటే మళ్లీ విరిగింది.

ఇన్‌ఛార్జి గదిలో అమ్మాయి తల దించుకుని, బెల్లు విన్నాను, వెళ్లలేదు, తప్పు నాదే అని ఒప్పుకుంది. ఎందుకు వెళ్లలేదంటే నోరు విప్పలేదు. పక్కనే ఉన్న పెద్ద సిస్టర్ కూడా విప్పలేదు. వార్డులో పని ఉందంటూ బయటికి నడిచింది.

సాయంత్రం సెలైన్ మార్చడానికి వెళ్తే పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పిల్లని ఏమీ అనకండమ్మా. మొదట్లో పిలవకుండానే వచ్చేది. తర్వాత పిలిచినా మొహం చూసేది కాదు. నా నోటి నుంచి ఏం మాట జారిందో ఏమో. అందుకే మళ్లీ నొక్కడానికి మొహమాటపడ్డా."

ఆమె ఇక అక్కడ నిలబడలేకపోయింది. నేరుగా ఇన్‌ఛార్జి గదికి వెళ్లి, ఆ పిల్లను ఆపింది తానేనని, ఇందాక నోరు మెదపకుండా నిలబడ్డదీ తానేనని చెప్పింది. అమ్మాయి మీద తీసుకోబోయిన చర్య ఆగింది. కొత్తవాళ్లకు నేర్పే పని పెద్ద సిస్టర్ చేతిలోంచి తీసేశారు. చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. రెండో ఆపరేషన్ తర్వాత పెద్దాయన చక్రాల కుర్చీలోనే ఇంటికి వెళ్లాడు.

అమ్మాయి అడిగి మరీ పిల్లల వార్డుకు మారింది. వెళ్లే రోజున పెద్ద సిస్టర్ మెట్ల దగ్గర ఆమెను ఆపి, క్షమించమని అడిగింది.

"మీ మీద కోపం లేదు సిస్టర్," అంది అమ్మాయి. "మీరు ఆగమన్నారు, నిజమే. ఆగింది మాత్రం నా కాళ్లే కదా. అంత తొందరగా ఎలా నేర్చేసుకున్నానో, అదే అర్థం కావట్లేదు."

అమ్మాయి సంచి భుజానికి తగిలించుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.