అది వల గాయం కాదట

"సముద్రం మొఖం ఎర్గనిదానివి, సొరచేపల పంచాయితీ నీకెందుకే?" అని రోజుకొక్కసారైనా అనకపోతే మా ఆయన సుధాకర్‌కు తిన్నది అరగదు. ఆయన మగ్గం గుంటలో కూచుని అంటాడు, నేను పక్కన దారం కండెలకు చుడుతూ వింటాను. గద్వాల చీరకు నేసినవాడి పేరే ఉంటుంది. వాకిలి ఊడ్చి, వంట చేసి, దారం తోడి, కండెలు చుట్టి, తెగిన పోగులు అతికే ఆడదానికి కూలీ లేదు, పేరూ లేదు. "ఇంట్ల కూసొని చేసే పనే గదా" అంటారు. ఆయన నేసేదీ ఇంట్లో కూచునే. ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

సొరచేపల పని నాకు అంటించింది నా బిడ్డ శిల్ప. డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు స్నేహితురాలు ముబషిరాతో కలిసి సొరచేపల ఫోటోలు చూసి పెట్టే పనిలో చేరింది. సముద్రం లోపలికి దిగి ఈదేవాళ్లు తీసిన ఫోటోలు ఫోన్లోకి వస్తాయి. ఆడదా మగదా, గాయాలున్నాయా, వల కోసిందా, పడవ తగిలిందా, గాలం గుచ్చుకుందా అని చూసి గుర్తు పెట్టాలి. నాలాంటి మామూలు మనుషులు అన్ని ఫోటోలూ చూసి పెడితేనే ఏ నీళ్లలో వాటికి ఏం ముంచుకొస్తోందో శాస్త్రవేత్తలకు తెలుస్తుందట. జీతం లేదు. జీతం లేని పని నాకేం కొత్త! కానీ ఇక్కడ పని చేస్తే "థాంక్యూ మమతగారూ" అని వస్తుంది. మొదటిసారి అది చూసి కండె పక్కన పెట్టి నాలో నేనే నవ్వుకున్నాను. శిల్ప పెళ్లయి వనపర్తి వెళ్లాక కూడా నేను ఆ పని వదల్లేదు.

పోయిన వారం నీలం రంగు సొరచేపలు వచ్చాయి. అన్నీ ఆడవే. మొప్పల వెనక, వీపు మీద వంపు తిరిగిన గాట్లు. పట్టుదారం సర్రున జారితే వేలు ఎట్లా తెగుతుందో నాకు తెలుసు. వల తాడు కూడా అట్లాగే కోసి ఉంటుందనుకుని అన్నిటికీ వల గాయమని పెట్టేశాను. మా వైపు వాళ్లం పెట్టినవన్నీ సరిచూసేది ముబషిరానే. కొల్లాపూర్ నుంచి ఫోన్ చేసింది.

"ఆంటీ, అవి వల గాయాలు గావు. జత కట్టేటప్పుడు మగది కరిచి పట్టుకుంటది. పండ్ల గాట్లు అవి."

"ఓయమ్మో! గంత ఘోరంగ కరుస్తదా?"

"దానికి చేతులు లేవు గదా ఆంటీ, ఇంకెట్ల పట్టుకుంటది? గందుకే వీట్ల ఆడదాని తోలు మగదాని కన్న మందం ఉంటది. సహజమే. వల గాయాల లెక్కల వెయ్యకుండ్రి."

పెళ్లయిన కొత్తలో ఒక పొద్దున నా భుజం మీది రక్తం రవికకు అంటితే మా అత్త అనంతమ్మ చూసింది. ఏమైందని అడగలేదు. నొప్పిగా ఉందా అనలేదు. "రవిక మార్చుకోని కండెలకు కూసో. చీరకు మరకంటితే కూలి కోస్తరు" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లో. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సరేలే అనుకుని, ముబషిరా చెప్పినట్టే గుర్తులన్నీ మార్చేశాను.

ఇవాళ శిల్పకు ఒడిబియ్యం. మొన్ననే పుట్టింటికి వచ్చింది. అల్లుడు శ్రవణ్ కుమార్ పొద్దున వనపర్తిలో బస్సెక్కాడు. ఇద్దరినీ పీటల మీద కూచోబెట్టి, పసుపు కలిపిన బియ్యం బిడ్డ ఒళ్లో పోసి, అత్తారింటికి సాగనంపాలి. కుట్టించిన కొత్త రవిక సరిపోతుందో లేదో చూద్దామని లోపలి గదిలోకి వెళ్లాను. శిల్ప అటు తిరిగి పాత రవిక విప్పుతోంది.

భుజం మీద వంపు తిరిగిన గాట్లు. వీపు మీద ఇంకొన్ని. కొన్ని మాని నల్లబడ్డాయి, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది.

రవిక చేతిలోంచి జారిపోయింది. సొరచేపకు చేతులు లేవు, సరే. నా అల్లుడికి రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి కదా! అడగడానికి నోరు కూడా ఉంది కదా!

"ఏందే ఇవి?" అన్నాను.

శిల్ప గబగబా కొంగు కప్పుకుంది. "ఏం లేదమ్మా."

"వద్దంటే ఇనడా?"

"వద్దంటే ఇంకింత ఎక్కువ."

"మరి నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది నా వైపు. "చిన్నప్పుడు నువ్వు తానం చేస్తుంటే నీ వీపు మీద చూసిన గదమ్మా. పెండ్లైనోళ్లందరికీ ఉంటయనుకున్న."

ఎవరి కంటా పడకుండా ఇన్నేళ్లూ కప్పుకున్నాననే అనుకున్నాను. నా బిడ్డ చూసింది. చూసి, కాపురమంటే ఇంతే కాబోలు అనుకుంది. ఏడుపు రాలేదు నాకు. ఒళ్లంతా మంటలు లేచాయి.

బయటి నుంచి ఆయన కేక. "ఏమే, బియ్యంల పసుపు కలిపినవా? అల్లుడు బస్టాండ్ల దిగిండంట!"

బయటికొచ్చి చెప్పాను. ఒడిబియ్యం పొయ్యనని, బిడ్డను పంపనని. ఎందుకో కూడా దాచకుండా చెప్పాను. ఆయన ముందు వీధి తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

"కొత్తగ పెండ్లైనోళ్లు. గంతదానికే పరేషాన్ చేస్తవా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ."

"నీకు లేవా ఏంది, భుజం మీద, వీపు మీద?" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు కాపురం చెయ్యలేదా?"

ఆయనకు తెలుసు! మరిచిపోయాడనుకున్నాను. మత్తులోనో నిద్రలోనో చేశాడు, తెలియక చేశాడు అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా ఆయనకు గుర్తే.

శిల్ప చెయ్యి పట్టుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

"యాడికే? అల్లుడొచ్చే యాళ్లకు యాడికి?"

"దవాఖానకు" అన్నాను. "గాట్లు చూపిచ్చి చీటీలు రెండు రాయిస్త. ఒకటి దానిది, ఒకటి నాది."