ఆగ్నెస్ చీలమండలు

మా యానాంలో ఫ్రెంచి దొరతనం నడిచిన ఆఖరి రోజుల్లో మంగళవారం సంతకు ఆడవాళ్ళు సన్నగా వచ్చి లావుగా వెళ్ళేవారు. ఇందులో మా తిండి గొప్పతనం ఏమీ లేదు. పారిస్ జార్జెట్టు, మఖమలు, సాటిన్ మా దగ్గర చవక. కనకాలపేట దాటాక రోడ్డు మీద సుంకం చౌకీ, దాని అవతల ఇండియా. బట్ట చేత్తో పట్టుకెళ్తే సుంకం కట్టాలి. ఒంటికి చుట్టుకెళ్తే అడిగేవాడు లేడు. అందుకని కాకినాడ నుంచి వచ్చిన పెద్దింటి ఇల్లాళ్ళు కూడా మా ఇంటి వెనక గదిలో దూరి, చీర కింద చీర, దాని కింద తానులో ముక్క చుట్టించుకుని, నిండు చూలాలిలా మెల్లగా నడుచుకుంటూ పోయేవారు.

చుట్టేదాన్ని నేనే. నా పేరు ఫిలోమినా. మా ఆయన లూయిస్ దొరల కచేరీలో గుమాస్తా. ఇంట్లో ఏం జరుగుతుందో తనకు తెలియదని ఆయన అడక్కుండానే అందరికీ చెబుతూ ఉండేవాడు.

చుట్టడం ఎవరైనా చుడతారు. పాళ్ళు తెలియాలి. తెలివితక్కువ మనిషి ఉన్నదంతా నడుముకే చుడుతుంది. మణికట్టు పుల్లలా ఉండి నడుము గుమ్మడికాయలా ఉంటే ఎవడు నమ్ముతాడు? కింద పెంచితే పైనా పెంచాలి. అందుకని జాకెట్లకు బుట్టచేతులు పెట్టించి వాటిలో లేసు కూరేదాన్ని. పొడుగు మనిషికి జానెడు అంచు చీర కట్టి పొడుగు తగ్గించేదాన్ని. పొట్టి మనిషికి సన్నంచు, నిలువు చారలు. నడుము పెరిగితే కుచ్చిళ్ళు వెడల్పుగా పరిచి, పమిట వదులుగా దించేదాన్ని. ఆ ఏడాది కాకినాడలో కాలేజీ పిల్లలు బుట్టచేతులు ఇంతింత పెట్టుకుని తిరిగారు. పట్నం నుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకున్నారు అందరూ. కాదు, మా సంత నుంచి వెళ్ళింది. దొంగసరుకు దాచిన చేతుల్ని చూసి నాగరికం అనుకున్నారు పాపం. నేనూ కాదనలేదు.

ఇలా సుఖంగా ఉండగా చౌకీకి ఉమామహేశ్వరం అనే కొత్త జమేదారు వచ్చాడు. వెనకటి వాళ్ళు మనిషి మొహం చూసి వదిలేసేవారు. ఇతను మొహం చూడడు. ముందు మణికట్టు, తర్వాత మెడ, తర్వాత నడుము. చూసి, ఈ చేతికి ఆ నడుము ఎలా వచ్చిందమ్మా అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఆడవాళ్ళను తాకకూడదు కనక, చౌకీ వెనకే కాపురం ఉంటున్న తన భార్య సుబ్బలక్ష్మిని పిలిచి లోపలి గదిలో వెతికిస్తాడు. రైసుమిల్లు వారి సత్యవతమ్మగారిని అలాగే లోపలికి పంపితే, బయటికి వచ్చేసరికి ఆవిడ సగమైంది. మిగతా సగం చౌకీ బల్ల మీద మఖమలు మడతలై కూర్చుంది. ఊరి కొసన దరియాలతిప్ప దాకా జనం నవ్వుకున్నారు. నా గదికి రాకపోకలు ఆగిపోయాయి. నా విద్యను కనిపెట్టే మనిషి దాపురించాడని వాడి మీద నాకు ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే మా అక్క కూతురు ఆగ్నెస్ కాకినాడ నుంచి దిగింది. వచ్చే వారమే అక్కడి గుడిలో దాని పెళ్ళి, ఆంథోనీ అనే రైల్వే కుర్రాడితో. కాబోయే అత్తగారు తమ పెద్దకోడలి పెళ్ళిగౌను ఇస్తానందట. ఆ పెద్దకోడలు పొట్టి, దిట్టం. మా ఆగ్నెస్ గడకర్రంత పొడుగు, దాని పిన్నిని కాబట్టి అంటున్నాను, లావు కూడా గడకర్రంతే. గౌను తొడిగి చూస్తే నడుం దగ్గర ఇంకో మనిషికి చోటుంది, కింద మాత్రం పిక్కల దగ్గరే ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ నవ్వారట. ఆంథోనీ కూడా నవ్వాడట.

"చిన్నప్పట్నించీ ఎవరో ఒకరు విడిచినవే కట్టేను పిన్నీ. ఏదీ నాకు చాల్లేదు" అంది ఆగ్నెస్. "ఆ ఒక్కరోజూ నేలదాకా ఉన్న గౌను వేసుకోవాలి. నా కొలతకి కుట్టింది."

అది ఏడవలేదు. ఆ సాయంత్రమే తెల్ల సాటిన్, లేసు కొన్నాం. ఉన్న డబ్బులోంచే సుంకం కూడా కట్టాలంటే సగం సాటిన్ తిరిగిచ్చెయ్యాలి, గౌను మళ్ళీ పిక్కల దగ్గరే ఆగేటట్టుంది. కట్టకుండా పట్టుబడితే సాటిన్ చౌకీలో ఉండిపోతుంది, పిల్ల ఆ పొట్టిగౌనులోనే ఊరందరి ముందు నడవాలి. ఉమామహేశ్వరం కళ్ళు తప్పించుకోవడం తప్ప దారి లేదు.

మర్నాడు పొద్దున ఆగ్నెస్‌ను కట్టాను. నా జన్మలో అంత బాగా ఎవర్నీ కట్టలేదు. సాటిన్ జారే గుడ్డ, పామును చుట్టినట్టే ఉంటుంది. పొరపొరకూ పిన్నీసు పెట్టాను. నడుముకు కొంత, తుంట్లకు కొంత, వీపుకు కొంత. మెడ ఎముకలు కనబడకుండా గుండ్రటి కాలరు జాకెట్టు. మోచేతులు దాటే బుట్టచేతుల నిండా లేసు. మిగిలిన లేసు కొప్పులో పెట్టి జుట్టు చుట్టాను. పైన బిరుసు నేతచీర, జానెడు అంచు. అన్నీ కుదిరాయి కానీ మొహం మాత్రం చిక్కినట్టే ఉంది. రెండు బుగ్గల్లో రెండు కిళ్ళీలు పెట్టించాను. మొహం నిండింది, మాట్లాడే ప్రమాదమూ తప్పింది. దేవమాత పటానికి దణ్ణం పెట్టుకున్నాం. దొంగతనం క్షమించమని కాదు, పిన్నీసులు ఊడకుండా చూడమని.

చౌకీ దగ్గర ఉమామహేశ్వరం మణికట్టు చూశాడు. బుట్టచేతుల కింద నిండుగా గాజులున్నాయి. మెడ చూశాడు. నడుము చూశాడు. వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపబోయాడు. ఇంతలో గుంట తప్పించుకోవడానికి ఆగ్నెస్ చీర కాస్త పైకి పట్టుకుంది. నేను మరిచిపోయింది అప్పుడు చూశాను. ఆ మహాకాయం కింద కాకి కాళ్ళలాంటి రెండు చీలమండలు.

"ఏమ్మా, ఇంత మనిషినీ ఆ కాళ్ళే మోస్తున్నాయా?" అన్నాడు ఉమామహేశ్వరం, అంతే మర్యాదగా. భార్యను కేకేశాడు.

ఆగ్నెస్ వెంట నేనూ లోపలి గదిలోకి దూరాను. సుబ్బలక్ష్మి తలుపు మూసింది. నా కంటే చాలా చిన్నది, గాలి వేస్తే ఎగిరిపోయేంత సన్నం. ఆగ్నెస్ చుట్టూ రెండుసార్లు తిరిగింది, కుచ్చిళ్ళు చూసింది, బుట్టచేయి మెల్లగా నొక్కింది. లేసు కొస వేలికి తగిలి బయటికొచ్చింది. దాంతో ఆగ్నెస్‌కు అంతవరకూ రాని ఏడుపు వచ్చేసింది. కిళ్ళీ రసం గడ్డం మీద కారుతుండగా అత్తగారి గౌను సంగతి, పిక్కల సంగతి, ఆంథోనీ నవ్విన సంగతి అన్నీ చెప్పేసింది.

సుబ్బలక్ష్మి లేసు కొస వేలికి చుట్టుకుంది.

"మా అత్తగారు నన్ను వొరుగు అంటారండి" అంది. "మా ఆయన అనరు గానీ, నవ్వుతారు. నాకూ ఇలా కడతారేంటండి? ఒక్కసారి నిండుగా కనబడాలని ఉంది."

పెళ్ళికి నాతో వచ్చెయ్యి, ఆ రోజే కడతానన్నాను. ఆ మాట మీద ఆవిడ లేసును మళ్ళీ బుట్టచేతిలోకి కూరింది. నా కంటే పొందికగా కూరిందని ఒప్పుకోవాలి. ఆగ్నెస్ గడ్డం తుడిచి, వంగి, చీర అంచును నేల దాకా దించి పిన్నీసు పెట్టింది. బయటికొచ్చి మొగుడితో ఒకే మాట చెప్పింది.

"ఏం లేదండి. వొళ్ళే."

ఉమామహేశ్వరం కళ్ళు చీలమండల కోసం వెతికాయి. దొరకలేదు. మమ్మల్ని వదిలేశాడు.

పెళ్ళినాటి పొద్దున సుబ్బలక్ష్మి చౌకీ దాటి మా ఇంటికి వచ్చింది. జమేదారు పెళ్ళాం ఒంటికి దొంగసరుకు చుట్టే ధైర్యం నాకు లేదు. అది ఆవిడకూ తెలుసు. సంచీలో తనే బట్ట తెచ్చుకుంది. చాకలి ఉతికి గంజి పెట్టిన మొగుడి పంచెలు, ఇంట్లో ఉన్నవన్నీ. వాటితోనే నడుము కట్టాను, తుంట్లు కట్టాను, బుట్టచేతులు నింపాను. ఈసారి చీలమండలు మరిచిపోలేదు. అద్దంలో చూసుకుని ఆవిడ పమిట నాలుగుసార్లు సర్దుకుంది.

తిరిగి చౌకీ దగ్గరికి వచ్చేసరికి అక్కడ కుర్చీలో కాకినాడ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ఉమామహేశ్వరం చూపు గురించి విని, ఆ విద్య చూద్దామని వచ్చాడట. సుబ్బలక్ష్మిని వేలెత్తి చూపించాడు.

"పొద్దున నేను జట్కా దిగేటప్పుడు ఈవిడ అటు యానాం వైపు వెళ్తూ కనబడింది. సన్నగా ఉంది. నువ్వు చెప్పవయ్యా, ఇంతలో ఇంత ఎలా అయింది?"

ఉమామహేశ్వరం మొహంలో నెత్తురు లేదు. పెళ్ళాం మణికట్టు చూశాడు, మెడ చూశాడు, నడుము చూశాడు. లోపల ఉన్నది పారిస్ సరుకేనని వాడికి రూఢి అయిపోయింది. ఉన్నదున్నట్టు చెబితే పెళ్ళాం పరువు పోతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. అప్పుడు వాడు ఆ చౌకీలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. మనిషి మొహం చూశాడు.

సుబ్బలక్ష్మి బెదరలేదు. ఎలా ఉన్నాను అని అడుగుతున్నట్టు చూసింది.

"మా ఆవిడండి" అన్నాడు ఉమామహేశ్వరం. "వొళ్ళేనండి."

ఇన్‌స్పెక్టరు గబుక్కున లేచి, తప్పయిందమ్మా అన్నాడు. పొద్దున చూసింది ఇంకెవరినో అయి ఉంటుందని తనే సర్ది చెప్పుకున్నాడు. ఉమామహేశ్వరం మాత్రం బస్సు దాకా మా వెనకే వచ్చి, ఏం కట్టావు, ఎంత కట్టావు, నా కొంప ముంచావు కదే అని పెళ్ళాం మీద గుసగుసగా పళ్ళు నూరాడు. సుబ్బలక్ష్మి బుట్టచేతిలోంచి కాస్త అంచు లాగి చూపించింది. చాకలి గుర్తు వాడు పోల్చుకున్నాడు.

"అన్నీనా? మరి సాయంత్రం నేనేం కట్టుకోను?"

"వొళ్ళేనన్నారు కదండీ. ఎక్కణ్ణించి తియ్యమంటారు?" అంది సుబ్బలక్ష్మి, బస్సెక్కుతూ.

గుడిలో మూడో వరసలో కూర్చున్నాం. సుబ్బలక్ష్మి పంచెల మూలంగా ఇద్దరి చోటు తీసుకుంది. పక్కన కూర్చున్న ఒకావిడ బుట్టచేతుల వైపు ఆశగా చూసి, ఎక్కడ కుట్టించారని అడిగింది. ఆంథోనీ వాళ్ళమ్మ పెద్దకోడలి గౌను వేసుకోలేదేమని ముందే అలిగి కూర్చుంది. ఆంథోనీ బలిపీఠం ముందు నిలబడి గుమ్మం వైపు చూస్తున్నాడు. నవ్వు మొహం కాదు, చూపు తిప్పుకోలేని మొహం.

ఆగ్నెస్ ఎంత పొడుగో అంత పొడుగునా నడిచి వచ్చింది. ఒంటి మీద ఒక్క పొరే, సన్నగా, ఉన్నదున్నట్టు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. సాటిన్ అంచు నేల మీద జీరాడుతోంది. దాని చీలమండలు గుడిలో ఎవ్వరికీ కనబడలేదు.