కట్టర్ మీద చుక్క

"పొయ్యి," అన్నాడు రాజనర్సు, తల తిప్పకుండానే.

నర్సవ్వ అప్పటికే పోస్తోంది. చేతిలో సొట్టలు పడిన టీ కెటిల్. అందులో ఉన్నది టీ కాదు, పాలలా తెల్లగా కనిపించే నూనెనీళ్ళు. ఇనుము కోసే మిల్లింగ్ మిషన్ కట్టర్ గిర్రున తిరుగుతూ మరమగ్గం షాఫ్టులో గాడి కోస్తుంటే, సరిగ్గా ఆ కోసే చోట సన్నటి ధారో, వెంటవెంట చుక్కలో పడుతూ ఉండాలి. ధార తెగిందా, కట్టర్ కాలి మొద్దుబారుతుంది. ఎక్కువైందా, నీళ్ళు వాళ్ళ పడక దాకా పారతాయి.

గోడాదరా పేటలోని ఆ ఇంట్లో వాళ్ళకున్నది కింద ఒకటే గది. గదినిండా మిషనే. మిగిలిన జాగాలో ఒక స్టవ్వు, ఒక బీరువా, ఒక చాప. కాళ్ళు బారజాపితే నర్సవ్వ పాదాలు మిషన్ బల్ల కిందికి పోతాయి. అన్నంలో నూనె వాసన. చీర కుచ్చిళ్ళలో మెరిసే ఇనుప పొట్టు. తడిలో నానీ నానీ ఆమె వేళ్ళు తెల్లగా పాలిపోయి, కణుపుల దగ్గర పగిలాయి.

మిషన్ కొన్న ఏడాదే దాని నీళ్ళ పంపు కాలిపోయింది. "వచ్చే నెల కొత్తది ఏస్త. అప్పటిదాంక జర నువ్వు పొయ్యి," అన్నాడు రాజనర్సు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. ఈలోగా కూతురు జమున పుట్టింది, నడిచింది, చదువుకుంది, పెళ్ళి చేసుకుని పర్వత్ పాటియాకు వెళ్ళిపోయింది. నర్సవ్వ పోస్తూనే ఉంది.

ఇవాళ మాత్రం వేరు. పాత మిషన్లు కొని అమ్మే పరుశురాం వస్తున్నాడు. మిషన్ అమ్మేసి ఇద్దరం జమున దగ్గరికి పోదామని రాజనర్సే మాటిచ్చాడు, మొన్నామధ్య నర్సవ్వ ఊపిరాడక ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుంటున్నప్పుడు. కూతురి ఇంట్లో వాళ్ళ కోసం ఒక గది ఉంది. ఆ గదికి కిటికీ ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి నర్సవ్వకు ఆ కిటికీయే కళ్ళలో మెదులుతోంది.

పరుశురాం వచ్చాడు. మిషన్ చుట్టూ తిరిగి, వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"మాల్ మంచిగున్నది కాకా. ఇయ్యాల్రేపు గిసొంటిది ఏడ దొరుకుతది?"

టేపు తీసి మిషన్ కొలిచాడు. తలుపు కొలిచాడు. మళ్ళీ మిషన్ కొలిచాడు.

"గిదేంది కాకా? లోపటికి ఎట్లొచ్చింది?"

"అది రాలే. ముందుగాల దాన్ని దింపినం. అటెన్క గోడలు లేపినం," అన్నాడు రాజనర్సు.

నర్సవ్వ కెటిల్ కింద పెట్టి గోడకేసి చూసింది. వాళ్ళు పుట్టిపెరిగిన నేతగాళ్ళ ఇళ్ళలో అదే పద్ధతి. మగ్గం గుంట తవ్వాకే చుట్టూ గోడలు లేస్తాయి. మగ్గం బయటికి పోయే రోజొకటి వస్తుందని ఎవరూ అనుకోరు. మిషన్ వచ్చినా పద్ధతి మారలేదు. ఆ గోడకు ఒక్కో ఇటుకా అందించింది నర్సవ్వే.

"గోడ తియ్యరాదు బిడ్డా?" అంది.

"మీద రెండంతస్తులున్నయి చిన్నమ్మా! గోడ దీస్తే అందరం దాని కిందనే. గ్యాస్‌తోని కోసి, ముక్కలు జేసి తీస్కపోవాలె. గంతే."

"ముందుగాల నన్ను కొయ్యి," అన్నాడు రాజనర్సు.

"నిన్ను కోస్తే ఏమొస్తది కాకా, కిలో ఇనుము గూడ ఎల్లదు," అని నవ్వి, టీ తాగి, పరుశురాం వెళ్ళిపోయాడు.

రాజనర్సు మిషన్ మీద అరచెయ్యి వేసి ఊపిరి వదిలాడు. నర్సవ్వ ఆ ఊపిరిని పట్టుకుంది. అది బేరం చెడినవాడి నిట్టూర్పు కాదు. బిడ్డకు జ్వరం దిగిందని విన్న తండ్రి వదిలే ఊపిరి.

"నీకు ఎర్కనే గదా?" అంది.

"ఏంది?"

"తలుపుల పట్టదని."

అతను ఇంకో షాఫ్టు తీసి బిగించాడు. "గోడ కట్టినోనికి ఎర్కుండదా? గివన్నీ అటెన్క మాట్లాడుదాం. పొయ్యి."

ఆమె పొయ్యలేదు. బీరువా తెరిచి, ఆస్పత్రిలో నర్సును అడిగి తెచ్చుకున్న ఖాళీ సెలైన్ సీసా, దాని గొట్టం తీసింది. ఆ మంచం మీద పడుకుని, చుక్క చుక్కగా దిగుతున్న మందును చూస్తున్నప్పుడు ఆమెకు తన కుడిచెయ్యే గుర్తొచ్చింది. సీసా అడుగు కోసింది. తలకిందులుగా మిషన్ పైనున్న కొక్కేనికి కట్టి, నూనెనీళ్ళు నింపింది. గొట్టం కొసను కట్టర్ మీదికి తెచ్చి, చుక్కను ఆపే, వదిలే దాని చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పింది.

ఒక చుక్క పడింది. ఆ వెంటనే ఇంకొకటి.

"ఏందిది?"

"పంపు. వచ్చే నెల ఏస్తనంటివి గద."

రాజనర్సు వంగి చూశాడు. ముఖం విప్పారింది. "ఓరి, మంచిగనే వడ్తాంది! గింత తెలివి ఏడ దాస్తివే?" అని మిషన్ ఆన్ చేశాడు. కట్టర్ ఇనుములోకి దిగింది.

అంతవరకూ ఆగిన నర్సవ్వ కెటిల్ కడిగి బోర్లించింది. బట్టల సంచీ భుజాన వేసుకుంది.

"అన్నం గిన్నెల ఉన్నది. సీసల అయిపోంగనే మీదికెళ్ళి పోస్కో."

"యాడికి?"

"జమున తాన్కి."

కోత నడుమ చెయ్యి తీస్తే షాఫ్టు పాడైపోతుంది. అతని చెయ్యి మిషన్ పిడి మీదే ఉండిపోయింది. "ఆగవే! గీ గాడి అయిపోనీ!" అన్న అరుపు ఆమె వెనకే గడప దాకా వచ్చింది.

ఆటోలో ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి దానంతటదే వాలుతోంది, ఇంకా పోస్తున్నట్టు. నర్సవ్వ దాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. పర్వత్ పాటియా మలుపులో ఒక సంగతి గుర్తొచ్చింది. నీళ్ళు ఆపాలంటే ఆ చిన్న చక్రం ఎటు తిప్పాలో అతనికి చెప్పలేదు. ఈపాటికి గాడి అయిపోయి ఉంటుంది. మిషన్ ఆగి ఉంటుంది. ఆగిన కట్టర్ మీద, కొక్కేనికి వేలాడే ఆ సీసా మాత్రం చుక్క వెంట చుక్క జారుస్తూనే ఉంటుంది.