కోటయ్య పేరు చివర ‘స్’

ఎసరు పెట్టి బియ్యం కడుగుతున్నాను. వెనక డైనింగ్ టేబుల్ దగ్గర విక్రాంత్ ఉపన్యాసం ప్రాక్టీసు చేస్తున్నాడు. వచ్చే శనివారం ఇక్కడ జర్మనీలో, మా ఎర్లాంగెన్ ఊరి తెలుగువాళ్ళ ఉగాది సభ. అందులో మా ఆయన మాట్లాడబోయే విషయం, ‘జర్మన్ దొరకు తెలుగు నేర్పిన మా కోటయ్య తాత’.

“చూశావా రాజీ, ఆ దొర ఉత్తరాల్లో ఎన్నిచోట్ల ‘కోటయ్యాస్’ అని రాశాడో! చివర ఆ ‘స్’ ఉంది చూడు, అది మన ‘గారు’ లాంటిదన్నమాట. ఆ రోజుల్లో దొర చేత గారు అనిపించుకోవడమంటే మాటలా?”

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మా సహస్ర ఆపుకోలేదు. తొమ్మిదేళ్ళది, దానికి తెలుగు కంటే జర్మనే ముందు వస్తుంది.

“నైన్ పాపా, కాదు, దాస్ ఇస్ట్ గెనిటివ్. కోటయ్య కాదు, కోటయ్యది. సంథింగ్, కోటయ్యది.”

“పాత జర్మన్ వేరేలే తల్లీ. నువ్వు బొమ్మ వేసుకో” అన్నాడు విక్రాంత్.

కోటయ్యది ఏదో. ఆ ఏదో ఏమిటో చూద్దామని చెయ్యి తుడుచుకుని టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

కోటయ్య విక్రాంత్ తాతకి తాత. పద్ధెనిమిది వందల ఎనభైల్లో నెల్లూరు జిల్లాలో ఒక జర్మన్ మిషనరీకి తెలుగు మున్షీగా పనిచేశాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. తరానికొకడికి ఆయన పేరు పెట్టుకుంటారు. ఆ మిషనరీ స్వదేశానికి రాసిన ఉత్తరాలు ఇక్కడే, ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో పాత కాగితాల భాండాగారంలో ఉన్నాయని తెలిసి విక్రాంత్ మెయిల్ పెట్టాడు. వాళ్ళు స్కాన్‌లు పంపారు. ఆనాటి జర్మన్ చేతిరాత ముగ్గుపిండి మీద కోడి నడిచినట్టుంటుంది. ఈనాటి జర్మన్లకే అర్థం కాదు, విక్రాంత్ ఫోన్లోని యాప్‌కీ అందలేదు. పరాయి పేర్లను మాత్రం అప్పట్లో మనకు తెలిసిన మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళు కాబట్టి కోటయ్య పేరు ఒక్కటీ విడిగా మెరుస్తుంది. మా ఆయన ఆ మెరుపుల మీదే ఇరవై స్లైడ్లు కట్టాడు.

ఆ రాత చదవడం నాకొచ్చు. పెళ్ళికి ముందు కావలిలో డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పేదాన్ని. ఇక్కడికి భర్త వీసా వెనకాల వచ్చాను. పెట్టెలో కట్టిపెట్టిన చదువు బూజు పడుతోందని దిగులేసి, సాయంత్రం క్లాసుల్లో చేరి రిటైరైన జర్మన్ ముసలమ్మల పక్కన కూర్చుని ఆ పాత అక్షరాలు దిద్దాను. “మా ఆవిడకి అదో టైంపాస్” అని విక్రాంత్ స్నేహితులతో అన్నాడు. “ఆ గజిబిజి రాతలు నేర్చి ఎవర్ని ఉద్ధరించేదానికమ్మా?” అంది అత్తయ్య ఫోన్లో. పొరుగువాళ్ళ పార్సిళ్ళు తీసుకోవడం, టాక్స్ కాగితాలు నింపడం, డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ పట్టుకుని వేళ్ళాడటం, ఈ ఇరవై స్లైడ్లకూ అక్షరాలు సరిచేయడం, అన్నీ నావే. ఎందుకంటే, “నువ్వు ఖాళీయేగా.” అందరికీ పనికొచ్చే ఖాళీ నాది. విచిత్రం ఏమిటంటే, ఆ ఉత్తరాలు చదివిపెట్టమని మాత్రం విక్రాంత్ నన్ను అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

‘కోటయ్యాస్’ పక్కనున్న మాట మీద వేలు పెట్టి నెమ్మదిగా కూడబలుక్కున్నాను. ఫ్రావ్. కోటయ్యాస్ ఫ్రావ్. కోటయ్య భార్య. కింది పేరాలో కోటయ్యాస్ ఫ్రావ్. వెనక పేజీలో కోటయ్యాస్ ఫ్రావ్. వేలు వెనక్కి జరిపి ఉత్తరం మొదటి నుంచి చదివాను.

ఆ దొర రాసింది ఇది. అన్నం వండటానికి పొయ్యి మీద పెట్టే నీళ్ళను ఏమంటారని అడిగితే, వేడినీళ్ళు అన్నాడట కోటయ్య. తలుపు వెనక నుంచి ఆయన భార్య నవ్విందట. “దాన్ని ఎసరు అంటారు దొరగారూ. గింజ లేని రోజున కూడా పెడతాం, పక్కింటికి మా పొగ కనబడాలని” అందట. ‘ఆ రోజు నుంచి కోటయ్య భార్యే నాకు గురువు. కోటయ్య పక్కన కూర్చుని తల ఊపుతాడు’ అని రాసుకున్నాడు.

నేను పైకి చదివి వినిపించాను. నా ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడు వాసన వేసింది. ఎవరూ లేవలేదు.

విక్రాంత్ స్లైడ్లు చివరిదాకా జరిపాడు. తరవాత, “సరేలే, ఆవిడా సాయం చేసుంటుంది. చివర్లో ఒక స్లైడ్ వేద్దాం, ‘సతీమణి సహకారంతో’ అని” అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. ఆ మాట అతని నోటికి అంత సులువుగా వచ్చినందుకే నాకు ఒళ్ళు మండింది.

“ఆవిడ పేరేంటి?” అన్నాను.

“ఏమో. మామ్మగారు అనేవాళ్ళు.”

చివరి కాగితం ఒకటి భాండాగారంవాళ్ళు స్కాన్ చేయలేదు. కేటలాగులో దాన్ని ‘అలంకార రేఖ’ అని రాశారు. స్లైడ్ల వెనక డిజైన్‌గా బావుంటుంది, ఫోటో తీసుకురమ్మన్నాడు విక్రాంత్. “నాకు ఆఫీసులో పని. నువ్వు ఖాళీయేగా.” వెళ్ళాను. మూడు రైళ్ళు మారి, ఆ చిన్న ఊళ్ళో, భాండాగారంలో పనిచేసే తెల్లజుట్టు ఆవిడ తెచ్చిన అట్టపెట్టె ముందు కూర్చున్నాను. ఆవిడ మెత్తగా కాగితం తిప్పి, “తీగ బొమ్మ, చాలా అందంగా ఉంది కదా” అంది జర్మన్‌లో.

తీగ కాదు. తెలుగు! గుండ్రంగా, పొందిగ్గా, ఒకదాన్నొకటి తాకుతూ రాసిన తెలుగు. నూట నలభై ఏళ్ళుగా ఇంతమంది పండితులు అలంకారం అనుకున్నది నేను రెప్పపాటులో చదివేశాను.

‘యీ మాటలు నేను చెప్పినవి. ఆండాళు వ్రాలు.’

వ్రాలు అంటే సంతకం. రాయడం రాని ఆడవాళ్ళు నిశానీ గీసే కాలంలో ఈమె, కోటయ్య భార్య, వ్రాలు చేసింది. ఎవరు అడిగారని? తన పేరు ఉత్తరాల్లో ఎక్కడా రాలేదని తెలిసి చేసిందా? నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ గర్వం వచ్చింది. నా రక్తం కాదు ఆమె. అయినా నా కూతురి రక్తం. ఆండాళ్, నిన్ను కనుక్కోవడానికే నేను ఇంత దూరం వచ్చి, ఆ ముసలమ్మల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దానేమో అనుకున్నాను.

తెల్లజుట్టు ఆవిడ పెన్సిల్‌తో ‘అలంకార రేఖ’ కొట్టేసి, నేను చెప్పినట్టు ‘గురువు ఆండాళ్ సంతకం’ అని రాసింది. గుర్తించినవారు అన్నచోట ఎవరి పేరు రాయమంటారని అడిగింది. భాండాగారంతో నడిచిన మెయిళ్ళన్నీ విక్రాంత్ పేరు మీద ఉన్నాయి మరి. పెన్సిల్ అడిగి తీసుకున్నాను. పక్కన తెలుగులోనే, గుండ్రంగా, ‘రాజ్యశ్రీ’ అని రాశాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య వీడియో కాల్‌లో ఉంది. ఫోటో చూపించి చదివాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

“ఆండాళా? మా ఇంట్లో ఆ పేరే ఇన్లేదే! కోటయ్యలు మాత్రం ఇంటినిండా ఉండారు.” కళ్ళజోడు తీసి, “నన్నూ అందరూ విక్రాంత్ అమ్మా అనే పిలస్తారు. నా పేరు పెంచలమ్మ. నువ్వు యాడన్నా రాస్తే అది కూడా రాయమ్మా” అంది.

విక్రాంత్ తల్లి ముఖం వంకే చూస్తున్నాడు. అప్పుడే సభ కార్యదర్శి దశరథ్ పంపిన కరపత్రం ఫోన్లో వచ్చింది. ‘వక్త: విక్రాంత్. సహకారం: శ్రీమతి విక్రాంత్.’ అచ్చం కోటయ్యాస్ ఫ్రావ్. నేనే దశరథ్‌కి ఫోన్ చేశాను.

“వక్త పేరు మార్చండి అన్నయ్యా. రాజ్యశ్రీ. విషయం, ఆండాళ్ చెప్పిన మాటలు.”

“అట్నే చెల్లెమ్మా. మరి సహకారం?”

“విక్రాంత్ అని వేయండి.”

ఫోన్ పెట్టేశాను. విక్రాంత్ ల్యాప్‌టాప్ మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

“మరి ఆ రోజు నేనేం చెయ్యను రాజీ?”

“స్లైడ్లు మార్చండి” అన్నాను. “మీరు ఖాళీయేగా.”