అయిదు కిలోల ఇనుప గుండు

నేను ఒక ఇనుప గుండును. అయిదు కిలోలు తూగుతాను. ఇన్నేళ్లు హైస్కూల్లోనే ఉన్నా అక్షరం ముక్క రాదు నాకు. గుర్తుండడం మాత్రం అన్నీ గుర్తుంటాయి. తీరికుంటే కాసేపు కూర్చోండి, చెబుతాను.

కొలిమిలో కరిగి, అచ్చులో పడి, చల్లారాక లారీలో పల్నాట ఒక సర్కారు బడికి వచ్చాను. మగపిల్లలు విసిరే బరువు నాది. ఆడపిల్లలకు మూడు కిలోల గుండు ఉండాలి. అడిగితే, వచ్చే ఏడు చూద్దామన్నారు పైవాళ్లు. ఆ వచ్చే ఏడు ఎప్పుడూ రాలేదు. దాంతో ఆడపిల్లలూ నన్నే విసిరారు. పోనుపోను అదే మా బడి గొప్పయింది. "మా ఆడపిల్లలు మగపిల్లల గుండు విసురుతారండీ" అని డ్రిల్లు మాస్టారు పిచ్చయ్య మీసం దువ్వేవాడు. ఒకరిద్దరు నెగ్గారు కూడా. ఓడినవాళ్లను మనుషులు గుర్తుపెట్టుకోరు కదా, ఆ పని నాకు వదిలేశారు.

వాళ్లలో దీవెన ఒకతె. తొమ్మిదో తరగతి పిల్ల. నన్ను మెడకు ఆనించుకుంటే ఆ చెమట వెచ్చగా తగిలేది. జిల్లా పోటీలో మొదటొస్తే క్రీడా హాస్టల్లో సీటు. తిండీ చదువూ వాళ్లే చూస్తారు. రాకపోతే బడి మానెయ్యాలి. వాళ్లమ్మ ఏసమ్మ గేటు దగ్గరే తేల్చేసింది.

"నీ సరదా ఈ ఒక్కేడేనే. సీటొస్తే పో. లేదంటే నాతోపాటు మిరగాయల కోతకి రా. నా నడుం ఇంక ఒంగటంలా."

పోటీ రోజు పిచ్చయ్య నన్ను కూడా సంచిలో వేసుకెళ్లాడు. మిగతా బళ్ల పిల్లలు వరసకట్టి మూడు కిలోల గుండు విసిరి చూసుకుంటున్నారు. దీవెన అటు వెళ్లబోయింది.

"నీకెందుకే అది? మనదాంతోనే వార్మప్పు చెయ్. అది నీకు జామకాయంత" అన్నాడు పిచ్చయ్య.

"ఒక్కసారి పట్టుకుని చూస్తా సార్."

"బలం దాచుకో అమ్మాయ్."

ఆ పిల్ల మాట వింది. నా బరువుకు అలవాటైన ఒళ్లు కదా, పోటీలో తన వంతు రాగానే ఆ తేలిక గుండును నన్ను నెట్టినట్టే నెట్టింది. గుండు అందరికంటే దూరం పడింది. వెనకే దీవెన కూడా గీత దాటి పడింది. ఎర్రజెండా లేచింది, అంటే ఆ విసురు చెల్లదు. రెండోసారీ అంతే.

"గుండుతోపాటు తను కూడా పోతందే" అని పక్కబడి పిల్ల కిసుక్కుమంది.

మూడోదే ఆఖరిది. దీవెన భయపడింది. కాళ్లు కదపకుండా, ఎవరికో అందించినట్టు వదిలింది. తెల్లజెండా లేచింది. గుండు అందరికంటే ఇవతల పడింది.

"ముందు రెండూ ఎంత దూరం పడ్డయ్యో చూశారు కదండీ" అని పిచ్చయ్య జెండావాళ్లను బతిమాలాడు. వాళ్లేం చేస్తారు? దీవెన నా పక్కన కూలబడి అరచేతులు చూసుకుంది.

"అసలు బరువే లేదు సార్ అది" అంది.

పిచ్చయ్య నన్ను తీసి సంచిలో వేసుకున్నాడు.

సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మరుసటి ఏడు పిచ్చయ్య ఎక్కణ్ణించో మూడు కిలోల గుండూ, మగపిల్లలకు నా బదులు కొత్త గుండూ తెచ్చాడు. నన్ను మధ్యాహ్న భోజనం వండే ఆమెకిచ్చేశాడు. ఆమె ఎండుమిరపకాయలు రోట్లో పోసి నాతోనే నలుపుతుంది. వాటిని ఏ చేలో కోశారో, ఎవరు కోశారో ఆమెకు అక్కర్లేదు. నేను మాత్రం ప్రతి కాయా దీవెన కోసిందే అనుకుంటాను.