పైపు ఇంకా అవసరమా?

పెద్ద పెద్ద మేడల్లో ఇనుప తాళ్ళ మధ్య వేలాడుతూ జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి, చివరికి సొంత వంటింట్లో బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. అంతా బాగానే జరిగిందని డాక్టర్లు చెప్పగానే ఆయన భార్య ఊపిరి పీల్చుకుంది. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఇవ్వాల్సిన వాళ్ళందరికీ ఆలస్యమవుతుందని చెప్పి, వార్డులో ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

మొదట్లో మనిషి మామూలుగానే ఉన్నాడు. నొప్పి అన్నాడు, తిండి చప్పగా ఉందని సణిగాడు, ఈ ఆసుపత్రి లిఫ్టు తలుపులు ఎందుకలా కీచుమంటాయో పక్క మంచం ఆయనకి పాఠం చెప్పాడు. ఆ తరవాత ఒక ఉదయం ఆమె మొహం కడుక్కుని వచ్చేసరికి, ఆయన ఆమెను ఎగాదిగా చూసి ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీరు ఏ అంతస్తుకి వెళ్ళాలమ్మా?"

వేళాకోళం చేస్తున్నాడనుకుని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన ఆమెను 'ఏమే' అన్నాడు, 'ఇదిగో' అన్నాడు, కోపమొస్తే ఇంకా ఏదేదో అన్నాడు గానీ, 'మీరు' అని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆ చిన్న మాటకి ఆమె తువ్వాలు పక్కన పడేసి, ఆయన మొహంలోకి వంగి చూసింది.

లిఫ్టు మధ్యలో ఆగిపోయిందట. ఎవరూ కంగారు పడకూడదట, మీటలు నొక్కకూడదట, తాను చూసుకుంటాడట. దుప్పటి అంచు పట్టుకుని ఏదో స్క్రూ కోసం తడుముకుంటూనే ఉన్నాడు. మధ్యాహ్నం ఫోన్ల దుకాణంలో పని చేసే కూతురు వస్తే, ఆమెనూ పక్కకి జరిగి నిలబడమన్నాడు. కూతురు నాన్నా నాన్నా అని రెండుసార్లు పిలిచి, వరండాలోకి పోయి ఏడ్చింది.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మత్తుమందు ఇంకా దిగలేదని పక్క మంచం ఆయన అన్నాడు. వయసు మీద పడితే అంతేనని ఊడ్చే మనిషి తేల్చేసింది. కూతురు ఫోన్లో ఏవో చదివి మతిమరుపు జబ్బు మొదలైందేమోనని వణికిపోయింది. ఎవరి మాట వింటే అదే నిజమనిపించింది తల్లికి. ఇంకొకరు నోరు విప్పేసరికి అది కాదనిపించింది. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉందని ఆమె చెబితే, ఆపరేషన్ అయ్యాక అలా ఉంటుందిలే అన్నారు.

ఆ సాయంత్రం ఆయన ఆమెను దగ్గరకి రమ్మని సైగ చేశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మా ఆవిడ లిఫ్టెక్కదండీ, భయం. ఎంత పైకైనా మెట్ల మీదే వస్తుంది. నేనేమో నలుగురిలో ఎగతాళి చేస్తుంటాను. మీరు ఎవరితో అనరు కదా? నాకూ భయమే. తలుపు మూసుకుందంటే చాలు, చెమటలు పట్టేస్తాయి."

ఎవరితోనూ అననని ఆమె మాటిచ్చింది. ఇది జ్వరం మాటా, మనిషి మాటా? తన మొగుడి గుట్టు తనకే చెప్పొద్దంటే ఎవరికి చెప్పనట్టు?

మర్నాడు డ్యూటీ డాక్టరు వచ్చాడు. ఇంకా నూనూగు మీసాలవాడిలా ఉండే కుర్ర డాక్టరు. వెనకాల సిస్టరు చక్రాల బల్ల మీద కంప్యూటరు తోసుకుంటూ వచ్చింది. ఈయన పేజీ తెరవగానే అది రోజూ లాగే టింగు టింగుమంది. డాక్టరు రోజూ లాగే వేలితో తెర మీద నొక్కబోయాడు.

"విన్నారా, బరువెక్కువైందని గంట కొడుతోంది. ఒకరు దిగాలి" అన్నాడు మంచం మీది ఆయన, లేవబోతూ.

లేస్తే రాడ్డు ఏమవుతుందోనని ఆమె ఆయన భుజాలు పట్టుకుంది. ఎలాగైనా ఆయన్ని ఊరుకోబెట్టాలి.

"బాబూ, ఆ గంట ఎందుకు కొడుతోందో ఆయనకి కాస్త చెప్పండి. బరువు కాదని మీరు చెబితే వింటారు."

ఏం లేదమ్మా, కంప్యూటరు అడిగే మామూలు ప్రశ్నే అన్నాడు డాక్టరు. ఏమడుగుతోందో అదే చెప్పమంది ఆమె. పిచ్చివాళ్ళని సముదాయించే గొంతుతో, అక్షరం అక్షరం పలుకుతూ, అతను పైకి చదివాడు.

"ఈ పేషెంటుకు యూరిన్ పైపు ఇంకా అవసరమా?"

చివరి మాటకి వచ్చేసరికి గొంతు మారిపోయింది. వేలు 'అవసరం' అన్న చోట ఆగి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, మంచం కిందికి వంగి, అక్కడ వేలాడుతున్న సంచీ చూశాడు. అందులోది కుడితిలా చిక్కగా, మడ్డిగా ఉంది. ఆయన నుదుటి మీద చెయ్యి వేశాడు.

"ఈ పైపు ఇంకా ఎందుకుంది?"

తననే అడుగుతున్నాడనుకుని ఆమె బిత్తరపోయింది. "మీరే పెట్టారు కదా బాబూ" అంది.

డాక్టరు ఉంచమన్నాడనుకుంది సిస్టరు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు ఉంచమన్నాడనుకున్నాడు చిన్న డాక్టరు. ఫోన్ చేస్తే, అదెప్పుడో తీసేసి ఉంటారనుకున్నానని పెద్ద డాక్టరు అన్నాడు. వాళ్ళ మొహాల్లోకి మార్చి మార్చి చూసింది ఆమె. అంతవరకూ వార్డులో అయోమయంగా ఉన్నది తన మొగుడొక్కడే అనుకుంది.

పైపు తీసేశారు. పరీక్షకి పంపితే ఇన్ఫెక్షన్ అని తేలింది. మందు మార్చి నరంలోకి ఎక్కించారు. పెద్దవాళ్ళకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే మతి ఇలా తప్పుతుందని, చాలావరకు తిరిగి వస్తుందని సిస్టరు ఓపిగ్గా చెప్పింది. కింద పెట్టిన పైపుకీ పైన ఉన్న బుర్రకీ లింకేమిటో ఎన్నిసార్లు విన్నా ఆమెకి అంతుపట్టలేదు. ఇప్పుడు ఇంకో బెంగ, తనంతట తాను మూత్రం పోయగలడా అని. ఇద్దరు పట్టుకుని నిలబెడితే, ధార చప్పుడు వింటే వస్తుందని సిస్టరు కుళాయి తిప్పింది. నీళ్ళు వృథా అవుతున్నాయి కట్టేయమని ఆయన గదమాయించాడు. కట్టేశాకే వచ్చింది. కూతురు స్కూల్లో మొదటి బహుమతి తెచ్చినప్పుడు కూడా ఆమె అంత సంతోషపడలేదు.

జ్వరం మెల్లగా దిగింది. లిఫ్టు కాసేపు కదిలేది, కాసేపు ఆగేది. ఒక మధ్యాహ్నం ఆయన కళ్ళు తెరిచి, "ఏమే, నా కళ్ళజోడేదీ?" అన్నాడు.

ఆమె కళ్ళజోడు ఇచ్చి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాస్త తేరుకున్నాక ఉండబట్టలేక, మీకు లిఫ్టంటే భయమటగా అని అడిగింది. ఎవడన్నాడన్నాడు. ఎవరో అన్నారంది. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఇక రెట్టించలేదు.

మరునాడు చిన్న డాక్టరు ఒంటరిగా వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూతురు కూడా ఉంది.

"ఆపరేషన్ అయిన మర్నాడే పైపు తీసేయాల్సింది అమ్మా. కంప్యూటరు రోజూ గుర్తు చేసింది. నేనే చదవకుండా నొక్కేశాను. అది నొక్కితే గానీ మందుల పేజీ తెరుచుకోదు. రోజంతా అలాంటివి ఎన్నో వస్తాయి, చెయ్యి దానంతటదే పోతుంది. తప్పు నాదే."

ఇక మీదట కారణం రాస్తే గానీ కంప్యూటరు ముందుకు పోకుండా మార్చమన్నామని, కారణం లేకపోతే సిస్టర్లే పైపు తీసేసేలా అనుమతి అడిగామని చెప్పాడు. కూతురు కుతకుతలాడిపోయింది. ఊరుకునేది లేదని, పై వాళ్ళకి ఫిర్యాదు చేస్తామని అతని మొహం మీదే అంది. చేయండి అన్నాడతను.

ఆయన్ని ఇంత చేసినవాడూ ఇతనే, చివరికి పట్టుకున్నవాడూ ఇతనే. తిట్టాలో దణ్ణం పెట్టాలో తేలక తల్లి నోరు తెరిచింది.

"భోజనం చేశారా బాబూ?"

కూతురు తల్లి వైపు అదోలా చూసింది. చేయలేదన్నాడు డాక్టరు, లేచి వెళ్ళిపోతూ. తానెందుకలా అడిగిందో ఆమెకే తెలియదు.

కూతురు ఫిర్యాదు చేసింది. పై వాళ్ళు పిలిచి మాట్లాడారు, జరిగింది జరిగినట్టే ఒప్పుకున్నారు. ఇంటికి వెళ్ళే రోజు వచ్చింది. కూతురు నాన్న ప్యాంటూ చొక్కా తెచ్చింది, బెల్టు మరిచిపోయింది. మనిషి అంత చిక్కిపోయాడని ప్యాంటు తొడిగాకే తెలిసింది. వాకరు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, ప్యాంటు వదిలితే జారిపోతోంది.

ఇన్నాళ్ళూ ఎవరి మీదా చూపలేని కోపమంతా తల్లి ఆ బెల్టు మీద చూపించింది. ఒక్క పని సరిగా చేయవు కదా అంటూ కూతుర్ని వార్డంతా వినబడేలా కేకలేసి, మధ్యలోనే ఆపేసి కూర్చుండిపోయింది. కూతురు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. సిస్టరు ఒక కట్టు గుడ్డ తెచ్చి, ఆయన నడుముకి బిగించి ముడి వేసింది. ఆయన ముడిని లాగి చూసుకుని, వాకరు ముందుకి జరిపాడు.